పదకొండో ప్రశ్న

శిక్షణ అయిపోయింది.
గుడారాల వెంట తిరిగే వైద్య సహాయకులంతా
మోటారు సైకిళ్ళ మీద కొందరు, ఉన్ని లారీలెక్కి కొందరు
గోబీలోకి వెళ్ళిపోయారు.
నా బల్ల మీద మిగిలినవి
ముప్ఫై ఒక్క జవాబు పత్రాలు,
ఎర్ర పెన్ను,
కిటికీ అవతల సున్నాకి ఇరవై ఆరు మెట్లు దిగిన చలి.

ఒక్కొక్కరికి ఇరవై ప్రశ్నలు.
చాలావాటికి అవును, కాదు, తెలియదు, మూడే గళ్ళు.
రోగాన్ని గళ్ళలో కుదించింది నేనే,
ఊలాన్‌బాతర్ నుంచి వచ్చిన నమూనా చూసి.

ఖండ్‌సూరెన్ కాగితం వెనక పక్క ఉబ్బి ఉంది.
పెన్సిల్ అంత ఒత్తి రాసింది.
వేళ్ళతో తడిమితే అక్షరాలు తగులుతున్నాయి.

నాలుగో ప్రశ్న:
సిఫిలిస్ పుండు దానంతటదే మానితే రోగం పోయినట్టేనా?
కాదు, అని గీసింది. ఒకటికి మూడు గీతలు.
పక్క ఖాళీలో చీమలబారులా:

"వారం కిందట ఇదే కాగితం మొదటిసారి ఇచ్చినప్పుడు
అవును అని రాశాను.
మూడేళ్ళ కిందట ఒకామెకి నోటితోనే అవునన్నాను.
నొప్పి లేదంది. నొప్పి లేనిది రోగమెలా అవుతుందన్నాను.
పొయ్యిలో పిడక బూడిదైనా
మా అమ్మ చెయ్యి పెట్టనిచ్చేది కాదు,
అడుగున నిప్పుంటుందే, అనేది.
అంత తెలిసినదాన్ని.
ఆమెకి ఏడో నెలలోనే పుట్టాడు. ఏడవలేదు.
వాడి అరికాళ్ళ మీద పొక్కుల్ని చూశాను.
చూసి కూడా, చలికేమో అనుకున్నాను."

పెన్నుకి మూత పెట్టాను.
కాసేపు హీటర్ చప్పుడు విన్నాను.
చదువుకునే రోజుల్లో ఇదే ప్రశ్నకి
నేనూ తప్పే రాశాను.
నాకు పోయింది ఒక మార్కు.

పదహారు: భాగస్వామికీ వైద్యం చెయ్యాలా?
అవును.
"అవునే. కానీ ఆ భాగస్వామి అధికారి జీపు నడుపుతాడు.
నా బండికి పెట్రోలు కొలిచి పోసేదీ అతనే.
ఆమె పేరు రిజిస్టర్లో ఎక్కిద్దామంటే
రిజిస్టరు దిద్దే పిల్ల అతని మేనకోడలు.
గుట్టు ఏ గడిలో దాచమంటారు?"

అలాంటి గడి లేదు. నమూనాలో లేదు.

పెన్సిలిన్ గురించి అడిగినవన్నీ సరిగ్గా రాసింది.
ఎంత, ఎక్కడ, గుచ్చాక ఎంతసేపు కూర్చోబెట్టాలి.
కింద ఒక్క మాట:
"పొడిలో కలిపే నీళ్ళు దారిలో గడ్డకడతాయి.
సీసా రొమ్ముల మధ్య పెట్టుకుని తీసుకెళ్తాను.
ఇది మీరు అడగలేదు."

పదకొండు దగ్గర తప్పింది.
పరీక్ష పట్టీ మీద రక్తపు చుక్క వేశాక ఎంతసేపు ఆగాలి?
పదిహేను నిమిషాలు అని ఉండాలి.
ఆమె రాసింది:
"ఉప్పేసిన పాల టీ పొంగేదాకా.
ఆ మనిషి తలుపు వంక చూడ్డం మానేదాకా."

ఎర్రగా అడ్డంగా కొట్టాను.
ఇరవైకి పందొమ్మిది. జాబితాలో ఎక్కించాను.

తర్వాత ఏం తోచిందో,
సంచిలో మిగిలిన పట్టీ ఒకటి చింపి
నా వేలే గుచ్చుకుని చుక్క వేశాను.
పట్టీ మీద అట్ట ముక్క కప్పాను.
స్టవ్ మీద గిన్నె పెట్టి
నీళ్ళు, పాలు, విరిచిన టీ ఇటుక ముక్క, చిటికెడు ఉప్పు.
గరిటెతో ఎత్తిపోస్తూ ఉండిపోయాను,
గడియారం వైపు తిరగకుండా.

పొంగింది.
అప్పుడు చూశాను. పద్నాలుగు.

ఇంకో నిమిషం ఉంది.
ఆ నిమిషమంతా
నేను తలుపు వంకే చూస్తున్నాను.